ఆకలి తీరినట్టు తెలియడానికి పట్టే వ్యవధి

అధిక బరువు గురించిన ఆలోచన సాధారణంగా ఏం తినాలి, ఎంత తినాలి అన్న రెండు ప్రశ్నలతోనే ఆగిపోతుంది; ఎంత సేపట్లో తింటున్నారన్న మూడో ప్రశ్నకు దక్కవలసిన ప్రాధాన్యం దక్కడం లేదు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వయసున్న మహిళల్లో అధిక బరువు గాని ఊబకాయం గాని ఉన్నవారు దేశం మొత్తం మీద 24 శాతం కాగా, తెలంగాణలో 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం ఉన్నారు. దీనికి శారీరక శ్రమ తగ్గడం, నూనెలు, చక్కెరల వాడకం పెరగడం వంటి కారణాలు అనేకం ఉన్నప్పటికీ, ఖర్చు లేకుండా ఏ ఇంట్లోనైనా మార్చుకోగలిగిన అలవాటు కాబట్టి తినే వేగాన్ని ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉంది. ఆకలి తీరడానికీ, తీరిందని తెలియడానికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో తొందరగా తినేవారు అవసరానికి మించి తింటారు.

కడుపు నుంచి మెదడుకు

తృప్తి అన్నది కేవలం కడుపు నిండినంత మాత్రాన కలిగే అనుభూతి కాదు. ఆహారం చేరి జీర్ణాశయం సాగినప్పుడు దాని గోడల్లోని నాడీ తంతువులు ఆ సంగతిని వేగస్ నాడి ద్వారా, అంటే మెదడు అడుగుభాగం నుంచి బయలుదేరి గుండె, ఊపిరితిత్తులు, జీర్ణ వ్యవస్థల దాకా విస్తరించిన పొడవైన నాడి ద్వారా, మెదడుకు చేరవేస్తాయి. ఆ తర్వాత ఆహారంలోని కొవ్వులు, మాంసకృత్తులు చిన్నపేగు తొలిభాగానికి చేరగానే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ వెలువడి, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గించి, ఇక చాలన్న సంకేతాన్ని బలపరుస్తుంది. పేగుల దిగువ భాగంలో అధికంగా ఉండే కణాల నుంచి జీఎల్‌పీ-1, పెప్టైడ్ వైవై అనే మరో రెండు హార్మోన్లు విడుదలవుతాయి; మరోవైపు, 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్న గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ క్రమంగా తగ్గుతుంది. ఈ సంకేతాలన్నీ కూడి, ఆకలిని నియంత్రించే హైపోథాలమస్ అనే మెదడు భాగంపై ప్రభావం చూపడానికి సుమారు 20 నిమిషాలు పడుతుందని సాధారణంగా చెబుతారు. ఇది అందరికీ ఒకేలా వర్తించే కచ్చితమైన లెక్క కాకపోయినా, పది నిమిషాల్లోపే కంచం ఖాళీ చేసేవారికి ఈ సంకేతాల్లో చాలా భాగం చేయి కడుక్కున్నాకే అందుతుందనీ, తినేటప్పుడు ఇంకా కావాలనిపించిన మారు వడ్డన కాసేపటికే భుక్తాయాసంగా మారడానికి ఇదొక కారణమనీ దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ప్రయోగాలు తేల్చినది

గ్రీసు పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో 17 మంది ఆరోగ్యవంతులైన పురుషులు 300 మిల్లీలీటర్ల ఐస్‌క్రీమ్‌ను ఒకసారి 5 నిమిషాల్లోనూ, మరోసారి 30 నిమిషాల్లోనూ తిన్నారు. నిదానంగా తిన్నప్పుడు వారి రక్తంలో పెప్టైడ్ వైవై, జీఎల్‌పీ-1 ఎక్కువగా పెరిగాయి గాని, గ్రెలిన్‌లో మాత్రం తేడా కనిపించలేదు. అమెరికాలోని రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో వెలువరించిన ప్రయోగంలో 30 మంది మహిళలు గబగబా తిన్నప్పుడు సగటున 646 కిలోక్యాలరీలు, బాగా నమిలి నిదానంగా తిన్నప్పుడు 579 కిలోక్యాలరీలు తీసుకున్నారు. తిన్నది తగ్గినా తృప్తి మాత్రం తగ్గలేదు. జపాన్ పరిశోధకులు 2015లో 23 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, నిదానంగా తినేవారితో పోలిస్తే వేగంగా తినేవారిలో ఊబకాయం ఉండే అవకాశం దాదాపు రెట్టింపు ఉన్నట్టు తేలింది. ఇటువంటి విశ్లేషణలు రెండు విషయాలకు సంబంధం ఉందని చూపగలవే గాని, ఒకటి రెండోదానికి కారణమని వాటంతట అవే నిరూపించలేవు. అందుకే పై ప్రయోగాలతో కలిపి చూసినప్పుడే వాటికి బలం చేకూరుతుంది.

నమలవలసిన ఆహారం

తినే వేగం మనిషి స్వభావం మీదనే కాక ఆహారం తీరు మీద కూడా ఆధారపడుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందితో చేసి 2019లో ప్రచురించిన ప్రయోగంలో, కర్మాగారాల్లో అనేక దశల్లో తయారైన అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం ఇచ్చిన రెండు వారాల్లో వారు రోజుకు సుమారు 500 కిలోక్యాలరీలు అదనంగా తిన్నారు, తినే వేగమూ పెరిగింది, బరువు సగటున 0.9 కిలోగ్రాములు పెరిగింది. తెలుగువారి భోజనానికి ఈ సూత్రాన్ని అన్వయిస్తే, మెత్తగా ఉడికిన తెల్లన్నం పప్పుతోనో పులుసుతోనో కలిపినప్పుడు దాదాపు నమలకుండానే గొంతు దిగుతుందనీ, జొన్నరొట్టె, గుగ్గిళ్లు, మరీ మెత్తబడకుండా వండిన చిక్కుడుకాయ, గోరుచిక్కుడు కూరలు, పచ్చి కీర, క్యారెట్ ముక్కలు నోటికి పని కల్పిస్తాయనీ అర్థమవుతుంది. కాబట్టి అన్నం కొంత తగ్గించి కూర పెంచినప్పుడు పీచు పదార్థం పెరగడంతో పాటు తినే వేగం కూడా సహజంగానే తగ్గుతుంది.

మనసు పెట్టి తినడం

నిదానంతో పాటు ధ్యాస కూడా అవసరం. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో సుజానే హిగ్స్ 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, టీవీ చూస్తూ మధ్యాహ్న భోజనం చేసినవారికి ఆ భోజనం అంతగా గుర్తులేకపోగా, తర్వాత వారు బిస్కెట్లు ఎక్కువగా తిన్నారు. అంటే తిన్నామన్న జ్ఞాపకం కూడా ఆకలిని అదుపులో ఉంచుతుంది. చరక సంహితలోని విమానస్థానం మరీ వేగంగా గాని, మరీ ఆలస్యంగా గాని తినకూడదనీ, మాటలూ నవ్వులూ లేకుండా మనసు పెట్టి తినాలనీ విధించడమే కాక, కడుపులో మూడో వంతును ఘన, ద్రవ పదార్థాలతో నింపకుండా వదలాలని కూడా చెబుతుంది.

ఆచరణలో ముద్దలు లెక్కపెట్టవలసిన పని లేదు. నోట్లోని ముద్ద పూర్తిగా మింగాకే మరో ముద్ద కలపడం, టీవీని, ఫోన్‌ను భోజనం దగ్గరికి రానివ్వకపోవడం, మారు వడ్డించుకునే ముందు కొన్ని నిమిషాలు ఆగి ఆకలి నిజంగా మిగిలి ఉందా అని గమనించడం, మరీ నకనకలాడే దాకా భోజనాన్ని వాయిదా వేయకపోవడం చాలు. బడిలో, కార్యాలయంలో, కర్మాగారంలో భోజన విరామం పదిహేను నిమిషాలకు కుదించి ఉద్యోగులనూ పిల్లలనూ నిదానంగా తినమనడం న్యాయం కాదు కనుక, ఈ అలవాటుకు కావలసిన సమయం కల్పించే బాధ్యత సంస్థలకూ ఉంది.

అయితే దీని పరిమితులను కూడా గుర్తించాలి. శరీరంలో సహజంగా పుట్టే జీఎల్‌పీ-1 నిమిషాల వ్యవధిలోనే విచ్ఛిన్నమవుతుంది. దానిని పోలిన సెమాగ్లూటైడ్ వంటి మందు వారం పాటు పనిచేసేలా రూపొందింది కనుక, నిదానంగా తినడం అటువంటి చికిత్సతో సమానం కాదు. ఊబకాయంతో పాటు మధుమేహం వంటి వ్యాధులున్నవారికీ, ఆగలేనంతగా తినే రుగ్మత ఉన్నవారికీ వైద్యుల సహాయం తప్పనిసరి. మిగిలినవారు మాత్రం ఏ పదార్థాన్నీ పూర్తిగా మానకుండానే, పూటకు కొద్దిపాటి క్యాలరీలు తగ్గించుకునే మార్గంగా దీన్ని ఎంచుకోవచ్చు. ఆ కొద్దిపాటి తగ్గుదల రోజుకు రెండు మూడు పూటలు, ఏళ్ల తరబడి కొనసాగగలగడమే ఈ అలవాటుకున్న అసలైన విలువ.