అందలం ఎక్కేది ఒకరు... మోసేది నలుగురు!

కొత్త అల్లుడికి మర్యాదలు మోతాదు మించితే ఇంట్లో ముసలమ్మ ఊరుకోదు. ‘‘మరీ అంత అందలం ఎక్కించకండర్రా!’’ అని మందలిస్తుంది. తగినదానికంటే ఎక్కువ విలువ ఇస్తే మన పల్లెల్లో వినిపించే మాట ఇది. అయితే అందలాన్ని కళ్ళారా చూసినవారు ఇప్పుడు తక్కువ.

అందలమంటే పల్లకీ. ఊగడమనే అర్థమున్న ‘ఆందోళం’ అనే సంస్కృత పదం నుంచి ఇది వచ్చిందని పండితులు చెబుతారు. మనసు ఊగిసలాడితే ‘ఆందోళన’ అంటాం కదా, రెండింటికీ మూలం ఒకటే!

రైళ్ళు, బస్సులు లేని రోజుల్లో రాజులు, జమీందార్లు, దొరలు పల్లకీల్లో తిరిగేవారు. మోసేవారు బోయీలు. ముందు కొందరు, వెనుక కొందరు భుజం కలిపి, ‘‘ఓహోం... ఓహోం’’ అంటూ నడిచేవారు. ఆ కేక వేడుకకు కాదు, అడుగులు కలవడానికి. ఒకడి అడుగు తప్పితే బరువంతా పక్కవాడి భుజం మీద పడేది. ఇక మామూలు కుటుంబాలవారికి పల్లకీ యోగం పెళ్ళినాడే. ఊరేగింపు ముగిశాక దిగవలసిందే.

అర్హులు అందలం ఎక్కితే తప్పులేదు. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన కూర్చున్న పల్లకీకి స్వయంగా చెయ్యి వేశాడని ఒక చాటుపద్యం ద్వారా ప్రసిద్ధి. అది విద్యకు జరిగిన మర్యాద. అర్హత లేనివాణ్ణి ఎక్కించినప్పుడే ఈ మాటకు వెటకారం తోడవుతుంది.

‘పెద్దపీట వేయడం’ అనే మాట కూడా ఉంది. కానీ రెండింటికీ తేడా ఉంది. పీట మీద కూర్చున్నవాడి బరువు నేల మోస్తుంది. అందలం ఎక్కినవాడి బరువు సాటి మనిషి మోయాలి. అందుకే ‘అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరు?’ అనే సామెత పుట్టింది.

పల్లకీలు పోయినా మాట మిగిలింది. ఎన్నికలు వచ్చాయంటే పత్రికల నిండా అదే. 1983లో తెలుగుదేశం పార్టీని అందలం ఎక్కించిన ఓటర్లే 1989లో దించారు, 1994లో మళ్ళీ ఎక్కించారు. ఆనాటి బోయీకి మధ్యదారిలో పల్లకీ దించే స్వేచ్ఛ లేదు. నేటి ఓటరుకు ఉంది. ఎవరిని ఎక్కించాలో, ఎంతదూరం మోయాలో ఇప్పుడు భుజం ఇచ్చేవారి చేతిలోనే ఉంది.