పర్సంటేజీ ఎంతని అడిగితే... నోరు పెగలడం లేదా?

రిజల్ట్స్‌ వచ్చిన రోజు హాస్టల్లో ఎవరికెంతొచ్చిందో అడగక్కర్లేదు. ముఖాలు చూస్తే చాలు. బాగా వచ్చినవాళ్లు వరండాలో ఫోన్లు పట్టుకుని తిరుగుతుంటారు. రానివాళ్లు దుప్పటి ముసుగేసి పడుకుంటారు. ఇంటి నుంచి ఫోనొస్తే ‘ఇంకా రాలేదమ్మా, సర్వర్‌ బిజీగా ఉంది’ అంటారు. ఆ సర్వర్‌ అలా నెలల తరబడి బిజీగానే ఉండిపోతుంది!

ఆ తర్వాత సంక్రాంతికి ఊరెళ్లాలంటే భయం. పెళ్లికెళ్తే ఏ పెద్దమ్మో పట్టుకుని ‘ఏరా, ఇంజినీరింగ్‌ ఎందాకా వచ్చింది? క్యాంపస్‌లో ఏమైనా తగిలిందా?’ అని అడుగుతుందేమోనని బెంగ. క్లాసు వాట్సాప్‌ గ్రూపు తెరవాలనిపించదు. రాత్రి పడుకుంటే ఒకటే ఆలోచన... ‘ఈ మార్కులతో నాకెవడు ఉద్యోగమిస్తాడు? నా బతుకింతేనా?’

ఇంజినీరింగైనా, డిగ్రీ అయినా, ఫార్మసీ అయినా ఇదే కథ. దీంట్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి మార్కులు తగ్గడం. రెండోది దానికి సిగ్గుపడటం. మొదటిదాని వల్ల కొంత నష్టం ఉంది, కాదనలేం. కానీ అది లెక్కకు అందే నష్టం. రెండోదానికే లెక్కాపత్రం ఉండదు. అసలు దెబ్బ కొట్టేది అదే!

టెన్త్‌లో టాపర్‌... ఇక్కడేమైంది?

ఇలా కుంగిపోయేవాళ్లలో చాలామంది మొదట్నుంచీ వెనక బెంచీ వాళ్లేం కాదు. టెన్త్‌లో పదికి పది తెచ్చుకున్నవాళ్లు, ఇంటర్‌లో 900 దాటినవాళ్లు, కార్పొరేట్‌ కాలేజీ ఫ్లెక్సీ మీద ఫొటో పడినవాళ్లు కూడా ఉంటారు. ఊళ్లో ‘మనోడు బాగా చదువుతాడు’ అనిపించుకున్నవాడికి ఫస్టియర్‌ మ్యాథ్స్‌ పోతే... పోయింది సబ్జెక్టు ఒక్కటే అనిపించదు, పేరు కూడా పోయినట్టే ఉంటుంది.

కారణాలు వెతికితే పెద్ద రహస్యమేమీ లేదు. ఇంటర్‌లో పొద్దున లేపడం నుంచి రాత్రి స్టడీ అవర్‌ దాకా అన్నీ ఎవరో ఒకరు చూసుకుంటారు. వారం వారం టెస్టులు, చదివిందే చదివించడాలు. ఇంజినీరింగ్‌లోకి వచ్చాక ‘చదివావా?’ అని అడిగే నాథుడుండడు. సొంతంగా టైమ్‌టేబుల్‌ వేసుకుని చదవడం అప్పటిదాకా ఎవరూ నేర్పలేదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంకో కష్టం. తెలిసిన జవాబే అయినా ఇంగ్లిషులో రాయడానికి చేయి ఆడదు. కొందరికి ఇంట్లోవాళ్ల బలవంతం మీద తీసుకున్న బ్రాంచి మీద మనసుండదు. మరికొందరికి నాన్న ఆరోగ్యమో, అప్పులో... చదువు మీద దృష్టి నిలవనివ్వవు.

ఫోను, సినిమాలు, కబుర్లు కారణమైనవాళ్లూ లేకపోలేదు. కారణం ఏదైనా దాన్ని గుర్తిస్తే దిద్దుకోవచ్చు. ‘నేను దేనికీ పనికిరాను’ అని తీర్పు ఇచ్చేసుకుంటే మాత్రం దిద్దడానికి ఏమీ మిగలదు.

నష్టమెంతో లెక్కేద్దాం

‘మార్కులదేముంది, టాలెంట్‌ ముఖ్యం’ అని ఓదార్చేవాళ్లు చాలామంది. వినడానికి బాగానే ఉంటుంది కానీ పూర్తిగా నిజం కాదు. క్యాంపస్‌కి వచ్చే చాలా సాఫ్ట్‌వేర్‌ కంపెనీలు టెన్త్‌, ఇంటర్‌, డిగ్రీ... మూడింట్లో 60 శాతం అడుగుతాయి. బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదనో, ఒకటికి మించకూడదనో షరతు పెడతాయి. వందల దరఖాస్తుల్ని వడపోయడానికి వాళ్లకు అది తేలిక దారి. గేట్‌ రాయడానికి కనీస మార్కుల నిబంధన లేదు, మూడో ఏడాది నుంచే రాయొచ్చు. కానీ ఆ స్కోరుతో ఎంటెక్‌ సీటుకో, ప్రభుత్వరంగ సంస్థలో ఉద్యోగానికో వెళ్తే చాలాచోట్ల 60 శాతమో, అంతకన్నా ఎక్కువో అడుగుతారు. విదేశీ యూనివర్సిటీలూ గ్రేడ్లు చూస్తాయి.

ఇక్కడే చిన్న లెక్క తెలుసుకోవాలి. సీజీపీఏని పర్సంటేజీగా మార్చే పద్ధతి అన్ని యూనివర్సిటీల్లో ఒకేలా ఉండదు. కొన్ని 0.5 తీసేసి పదితో గుణిస్తాయి. కొన్ని 0.75 తీసేస్తాయి. అంటే 6.5 సీజీపీఏ ఒకచోట 60 శాతమైతే ఇంకోచోట 57.5 శాతమే! మీ కాలేజీలో ఏది వర్తిస్తుందో ఎగ్జామ్‌ బ్రాంచిలో అడిగి తెలుసుకోండి.

ఇంకో లెక్క. అన్ని సెమిస్టర్ల క్రెడిట్లూ సమానమనుకుందాం. నాలుగు సెమిస్టర్లు అయ్యేసరికి 5.8 ఉంటే, మిగిలిన నాలుగింట్లో 7.2 తెచ్చుకుంటే మొత్తం 6.5కు చేరతారు. అది కష్టమే, కానీ కుదిరే పని. అదే ఆరు సెమిస్టర్లు గడిచాక మేలుకుంటే మిగిలిన రెండింట్లో 8.6 కావాలి. దుప్పటి ముసుగులో గడిచిన ఏడాది ఖరీదు అదన్నమాట.

మరి తెరిచి ఉన్న దారులో?

సివిల్స్‌ రాయడానికి గుర్తింపు పొందిన యూనివర్సిటీ డిగ్రీ ఉంటే చాలు. ఇంత శాతం ఉండాలన్న నిబంధన లేదు. బ్యాంకు పీవో పరీక్షలకూ అంతే. స్టాఫ్‌ సెలక్షన్‌ కమిషన్‌ సీజీఎల్‌లో ఎక్కువ పోస్టులకు, మన గ్రూప్‌-1, గ్రూప్‌-2 పోస్టుల్లో చాలావాటికి డిగ్రీ పాసైతే సరిపోతుంది. ఎంబీఏకి ఐసెట్‌ రాయాలంటే జనరల్‌ అభ్యర్థులకు డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్‌ ఉన్నవాళ్లకు 45 శాతం చాలు. ఇవన్నీ పోటీ గట్టిగా ఉండే పరీక్షలే. కాకపోతే పాత సెమిస్టర్ల చిట్టా చూసి ఎవరూ గేటు దగ్గరే ఆపేయరు.

ప్రైవేటులో చిన్న, మధ్యతరహా కంపెనీలు మెమో కన్నా పని చూస్తాయి. మీరు రాసిన ప్రోగ్రాం నడుస్తోందా, మీరు గీసిన డ్రాయింగ్‌ సైటులో పనికొస్తుందా అన్నదే వాళ్లకు ముఖ్యం. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్‌ పథకంలో డిగ్రీ, డిప్లొమా పూర్తయినవాళ్లు స్టైపెండ్‌ తీసుకుంటూ ఏడాది పని నేర్చుకోవచ్చు. రెండు మూడేళ్లు ఎక్కడైనా పనిచేశాక ఇంటర్వ్యూలో ‘అక్కడ ఏం చేశావు?’ అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. సెకండియర్‌ మార్కులు నెమ్మదిగా వెనక్కి పోతాయి.

ఒక జాగ్రత్త. మార్కులు తక్కువని బెంగపడేవాళ్ల కోసమే కాచుకుని కూర్చునేవాళ్లుంటారు. ‘బ్యాక్‌డోర్‌లో జాబ్‌ ఇప్పిస్తాం, రెండు లక్షలు కట్టు’ అంటారు. దొంగ ఎక్స్‌పీరియెన్స్‌ లెటర్లు, దొంగ సర్టిఫికెట్లు చేతిలో పెడతారు. డబ్బు పోయినా బయటికి చెప్పుకోరన్న ధీమాతోనే వాళ్లు మిమ్మల్ని ఎంచుకుంటారు. తక్కువ మార్కులతో ఉద్యోగం రావడం ఆలస్యం కావచ్చు. దొంగ కాగితం దొరికితే వచ్చిన ఉద్యోగమే ఊడుతుంది, కేసు కూడా మెడకు చుట్టుకోవచ్చు.

కుంభకోణం కుర్రాడు

మార్కులు పోయి, ఇంట్లో చెప్పుకోలేక పారిపోయిన ఒక కుర్రాడి సంగతి చూద్దాం. 1904లో స్కూల్లో లెక్కల బహుమతి అందుకుని, స్కాలర్‌షిప్పుతో కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో చేరాడు. లెక్కలు తప్ప ఇంకేదీ చదవలేదు. మిగతా సబ్జెక్టులు పోయాయి. స్కాలర్‌షిప్పూ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం దారి పట్టాడు. తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరి ఎఫ్‌ఏ పరీక్ష రాశాడు. ఫెయిల్‌. 1907లో మళ్లీ రాశాడు. మళ్లీ ఫెయిల్‌. ఆ కుర్రాడి పేరు శ్రీనివాస రామానుజన్‌.

రామానుజన్‌ అంత మేధావి మనందరిలో ఉండడు. కాబట్టి ‘ఫెయిలైనవాళ్లంతా గొప్పవాళ్లవుతారు’ అని చెప్పడానికి ఈ కథ పనికిరాదు. చూడాల్సింది పారిపోవడం మానేశాక ఆయన ఏం చేశాడన్నది. లెక్కల నోటుపుస్తకాలు చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. 1910లో డిప్యూటీ కలెక్టర్‌ రామస్వామి అయ్యర్‌ను కలిశాడు. ఆ తర్వాత నెల్లూరు కలెక్టర్‌గా ఉన్న రామచంద్రరావును కలిశాడు. రామచంద్రరావు కొంతకాలం నెలనెలా డబ్బిచ్చి ఆదుకున్నారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా పని దొరికింది. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాసినప్పుడు, తాను గుమాస్తానని, యూనివర్సిటీ చదువు లేదని మొదట్లోనే చెప్పేశాడు. ఆ తర్వాతే తన లెక్కలు చూడమన్నాడు. 1916లో కేంబ్రిడ్జి డిగ్రీ ఇచ్చింది. 1918లో రాయల్‌ సొసైటీ ఫెలో అయ్యాడు. ఎఫ్‌ఏ మాత్రం ఎప్పటికీ పాసవ్వలేదు!

దాచిపెట్టినంత కాలం ఆయనకు సాయం చేసేవాళ్లు దొరకలేదు. ‘ఇదీ నా పరిస్థితి, ఇదీ నాకు తెలిసిన పని’ అని ముందుకెళ్లాకే తలుపులు తెరుచుకున్నాయి. ఆ పని చేయడానికి మేధావి కానక్కర్లేదు.

సిగ్గు చేసే నష్టం ఇదీ

రీకౌంటింగ్‌, రీవాల్యుయేషన్‌ దరఖాస్తుకు కొద్దిరోజులే గడువుంటుంది. సప్లిమెంటరీ ఫీజు నోటిఫికేషన్‌ గ్రూపులో వస్తుంది. గ్రూపు తెరవనివాడికి ఆ తేదీ దాటిపోతుంది. ఒక సబ్జెక్టు కాస్తా మూడు సబ్జెక్టులై కూర్చుంటుంది. సార్‌ను కలవడానికి మొహం చెల్లక క్లాసు ఎగ్గొడితే అటెండెన్స్‌ తగ్గి కండొనేషన్‌ దాకా వస్తుంది. ప్లేస్‌మెంట్‌ సెల్‌కు వెళ్లనివాడికి తనకు అర్హత ఉన్న కంపెనీ వచ్చినా తెలియదు. ఇవన్నీ మార్కుల వల్ల జరిగినవి కావు, మొహం చాటేయడం వల్ల జరిగినవి.

అందుకే మొదటి పని... ఒక తెల్లకాగితం తీసుకోండి. ఏ సెమిస్టర్‌లో ఎంత, ఏ సబ్జెక్టులు మిగిలాయి, ఎన్ని క్రెడిట్లు తక్కువ, కోర్సు పూర్తి చేయడానికి గరిష్ఠ గడువెంత, సప్లీ ఎప్పుడు... అన్నీ రాయండి. మనసులో కొండంత కనిపించింది కాగితం మీద నాలుగైదు వరుసలే అవుతుంది. వాటిలో తేలిగ్గా గట్టెక్కే సబ్జెక్టు మొదట పట్టుకోండి. ఒక్కటి పాసైతే వచ్చే ధైర్యం వంద స్పీచుల్లో రాదు. పాత ప్రశ్నపత్రాలు ఐదేళ్లవి తిరగేయండి. అదే సబ్జెక్టు మిగిలిన ఇంకొకరిని వెతుక్కుని ఇద్దరూ కలిసి చదవండి.

రెండో పని, ఇంట్లో చెప్పడం. ఇద్దరిలో ఎవరు నెమ్మదిగా వింటారో వాళ్లతో మొదలుపెట్టండి. ‘అమ్మా, నాకు రెండు సబ్జెక్టులు పోయాయి. నవంబర్‌లో సప్లీ ఉంది. ఇలా చదువుదామనుకుంటున్నా’ అని పరిస్థితీ, ఉపాయమూ కలిపి చెప్పండి. తిట్లు పడొచ్చు. అవి ఆ సాయంత్రంతో అయిపోతాయి. అబద్ధమైతే ప్రతి ఫోన్‌కాల్‌లోనూ కొత్తగా ఆడుతూ ఉండాలి.

మూడోది, ఇంటర్వ్యూ. ‘అకడమిక్స్‌ ఎందుకు తగ్గాయి?’ అని అడిగితే నేల చూపులు చూడొద్దు. లెక్చరర్ల మీదా, యూనివర్సిటీ మీదా నెపం వేయొద్దు. ‘ఫస్టియర్‌లో సరిగా చదవలేదు సార్‌. రెండు సబ్జెక్టులు పోయాయి. థర్డ్‌ ఇయర్‌కల్లా క్లియర్‌ చేశాను. ఈ ప్రాజెక్టు నేనే చేశాను, చూపించమంటారా?’ ఇలా నిజమే చెప్పండి, నాలుగు ముక్కల్లో ముగించండి. అడిగేవాళ్లకు మీ మార్కులు ముందే తెలుసు. ఆ ప్రశ్నతో వాళ్లు చూసేది, ఇబ్బందికరమైన విషయాన్ని మీరెలా మాట్లాడతారన్నది.

అమ్మానాన్నలకు ఓ మాట

అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రికి కోపం రావడం సహజం. కానీ ‘పక్కింటి వాడికి తొమ్మిదొచ్చింది, నీకేం రోగం?’ అన్న ఒక్క మాటతో పిల్లలు వచ్చే సెమిస్టర్‌ మార్కులు కూడా దాచేస్తారు. ‘ఎందుకు పోయింది?’ అని అడిగే ముందు ‘అన్నం తిన్నావా?’ అని అడగండి. చుట్టాల ముందు మార్కుల ప్రస్తావన వస్తే మీరే ‘చదువుకుంటున్నాడులెండి’ అని మాట మార్చేయండి. మీరు తన పక్షానే ఉన్నారని బిడ్డకు తెలియడానికి అదొక్కటి చాలు.

పిల్లలు తిండి మానేసినా, నిద్రపోకపోయినా, ఎవరితోనూ కలవకపోయినా, ‘నేను లేకపోతే మీకు భారం తగ్గుతుంది’ లాంటి మాటలంటున్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు, వెంటనే డాక్టర్‌ దగ్గరకు తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్‌ హెల్ప్‌లైన్‌ 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు. చదువుకునే మీకు అలాంటి ఆలోచనలు వస్తుంటే, ఈ పేజీ పక్కన పెట్టి ముందు ఆ నంబరుకు చేయండి. సబ్జెక్టుల సంగతి తర్వాత చూసుకుందాం.

మిగతావాళ్లకు చెప్పేదొక్కటే. ఇవాళ కాలేజీ గ్రూపు తెరవండి. సప్లీ తేదీ చూడండి. సాయంత్రం ఇంటికి ఫోన్‌ చేసి... సర్వర్‌ ఇప్పుడు బాగానే పనిచేస్తోందని చెప్పండి!