నెలల లెక్క

గర్భిణిని చూచినంతనే “ఎన్నవ నెల?” అని అడుగుట మన ఇండ్లలో పరిపాటి. ఆ లెక్క కొంత చిత్రమైనది. కడపట బహిష్టయిన మొదటి దినమునుండి 280 దినములు లెక్కించి వైద్యులు ప్రసవపు తేదీ చెప్పుదురు. పిండము ఏర్పడునది సాధారణముగా రెండు వారముల తరువాతనే. అనగా నెల తప్పినదని తెలియునప్పటికే పిండమునకు రెండు వారముల వయస్సు.

అటుపై పనులు అతివేగముగా సాగును. మెదడునకు, వెన్నుపామునకు మూలమైన నాళము పిండము ఏర్పడిన నాలుగవ వారములోనే మూసికొనును. గుండె కొట్టుకొనుటయు ఆ వారముననే ఆరంభము. ఎనిమిది వారములు నిండునప్పటికి ముఖ్యావయవములన్నియు రూపు దాల్చును. శిశువు పొడవు మాత్రము అంగుళమునకు కొంచెము ఎక్కువ. ఇంటిల్లిపాదియు వేవిళ్లను గూర్చి, పుల్లమామిడికాయలను గూర్చి ముచ్చటించుకొను దినములివి!

మూడవ నెల నిండువరకు విషయము బయటపెట్టరాదను ఆచారము కొన్ని ఇండ్లలో కలదు. ఇరుగుపొరుగులకు చెప్పకున్న లోపము లేదు; వైద్యురాలికి చెప్పక తప్పదు. ఆ నాళమునకు లోపము కలుగు ముప్పును తగ్గించు ఫోలిక్ ఆమ్లపు మాత్రలు గర్భధారణకు ముందునుండియే వాడవలసినవి. నాలుగవ నెలలో మొదలిడినచో ఆ ప్రయోజనమునకు వేళ మించిపోవును. తోచిన మందు మింగుటయు ఈ దినములలోనే మిక్కిలి ప్రమాదము.

అయిదవ నెలలో శిశువు కదలిక తల్లికి తెలియును. తరువాత ఎదుగుదలయే ప్రధానము; ఊపిరితిత్తులు మాత్రము చివరివరకు పక్వమగుచునే యుండును. కనుక ఏడవ నెల బిడ్డ బ్రతుకును, ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకదను పెద్దల మాట సరికాదు.

రక్తస్రావము, ముఖము ఉబ్బుట, విడువని తలనొప్పి, చూపు మసకబారుట, కదలిక తగ్గుట కనిపించినచో ఏ నెలయైనను వెంటనే ఆసుపత్రికి పోవలెను.