గాజీ దగ్గరికి దిగాలంటే

కర్నూలు, కడప రైతులకు లోతు గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. పొలంలోకి బోరు బండి వచ్చిందంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి రాడ్లు లెక్కపెడతారు. 200 అడుగులైంది, 300 అయింది, ఇంకా పొడి దుమ్మే లేస్తోందంటే గుండెల్లో రాయి పడినట్టే. విశాఖపట్నం తీరానికి రెండు, రెండున్నర కిలోమీటర్ల దూరంలో, సముద్రం అడుగున, దాదాపు ఆ లోతులోనే పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ పడి ఉంది. సుమారు 100 మీటర్లు, అంటే 330 అడుగులు. అయితే అక్కడికి దించాల్సింది రాడ్డును కాదు, మనిషిని. దించితే సరిపోదు, ప్రాణాలతో పైకి తేవాలి.

గాజీ పుట్టుకే యుద్ధకాలంలో. 1945 మార్చిలో అమెరికా నౌకాదళంలో చేరినప్పుడు దాని పేరు డయాబ్లో. 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చి గాజీ అయింది. 1971 నవంబరులో విమాన వాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ కరాచీ నుంచి బయలుదేరి, భారత ద్వీపకల్పాన్ని చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ ఓడరేవు బయట పెద్ద పేలుడు వినిపించింది. గాజీలో ఉన్న 90 మందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. మన నౌక రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల వల్లే మునిగిందని భారత్ అంటుంది. తాను పరిచిన మైన్ల వల్లో, లోపలి పేలుడు వల్లో మునిగిందని పాకిస్తాన్ అంటుంది.

తర్వాతి రోజుల్లో నీటిపై తేలిన నూనె, శకలాలు ఆచూకీ ఇచ్చాయి. నౌకాదళ డైవర్లు దిగి అది గాజీయేనని తేల్చారు. 2024 ఫిబ్రవరిలో, మునిగిన జలాంతర్గాముల నుంచి సిబ్బందిని కాపాడేందుకు నౌకాదళం తెచ్చుకున్న డీఎస్‌ఆర్‌వీ అనే చిన్న వాహనం దాన్ని మళ్లీ గుర్తించిందన్న వార్త వచ్చింది.

శ్రీశైలంలోనో తుంగభద్రలోనో ఎవరైనా మునిగితే గజ ఈతగాళ్లను పిలుస్తారు. ఊపిరి బిగబట్టి, బురద నీళ్లలో చేతులతో తడుముతూ వాళ్లు చేసే పనికి ఎన్ని దండాలు పెట్టినా చాలవు. కానీ గాజీ ఉన్న లోతులో గుండె ధైర్యం, ఊపిరి బలం రెండూ సరిపోవు. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 100 మీటర్ల దగ్గర ఒంటిమీద ఉండేది నేలమీద ఉన్న ఒత్తిడికి 11 రెట్లు. పీల్చే గాలి కూడా అదే ఒత్తిడిలో అందాలి కాబట్టి ఒక్కో ఊపిరికి 11 ఊపిర్ల గాలి ఖర్చవుతుంది. 12 లీటర్ల సిలిండర్‌లో 200 రెట్ల ఒత్తిడితో గాలి నింపితే 2,400 లీటర్లు పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అది ఒడ్డున రెండు గంటలు వస్తుంది. గాజీ దగ్గర 11 నిమిషాలు కూడా రాదు.

పైగా ఆ గాలే శత్రువవుతుంది. 30 మీటర్లు దాటాక నైట్రోజన్ మత్తెక్కించడం మొదలుపెడుతుంది. కల్లు తలకెక్కినవాడిలా డైవరు చేతిలోని గడియారం చూసి కూడా ఎంతసేపైందో తేల్చుకోలేడు. ఇంకా కిందికి పోతే, మనల్ని బతికించే ఆక్సిజనే నరాలకు విషమై ఫిట్స్ తెప్పిస్తుంది. నోట్లోని గొట్టం జారితే అంతే సంగతులు. అందుకే ఆ రెండింటినీ తగ్గించి, బెలూన్లలో నింపే హీలియం కలిపిన ట్రైమిక్స్ అనే వాయువు వాడతారు. హీలియంతో మత్తు ఉండదు గానీ గొంతు బాతు అరుపులా మారిపోతుంది, ఒంట్లో వేడి కూడా తొందరగా పోతుంది.

కొందరు రీబ్రీదర్ తగిలించుకుంటారు. వదిలిన ఊపిరిని బయటికి పోనివ్వకుండా శుభ్రం చేసి, తగ్గిన ఆక్సిజన్ కలిపి తిరిగి ఇచ్చే యంత్రమది. అందులో బొగ్గుపులుసు వాయువును పట్టేసేది ముఖ్యంగా సున్నమే, మన తమలపాకు మీద రాసే సున్నం జాతిదే. గోడకు వేసిన సున్నం గాలి తగిలి గట్టిపడేదీ ఇదే రసాయన చర్యతో. లోతులో ఒక మనిషి ఊపిరి సున్నపు గుళికల మీద ఆధారపడి ఉంటుందంటే ఆశ్చర్యం కలగక మానదు.

ఇన్ని కష్టాలూ దిగడానికే. అసలు గండం తిరుగు ప్రయాణంలో ఉంది. గోలీసోడా కొట్టకముందు సీసాలో బుడగ కనిపించదు. గోలీ లోపలికి జారి ఒత్తిడి తగ్గగానే బుస్సుమని పొంగుతుంది. లోతులో డైవరు రక్తంలో, కండరాల్లో కరిగిన వాయువుదీ అదే కథ. గబగబా పైకొస్తే ఒళ్లంతా బుడగలు పుడతాయి. కీళ్లు పట్టేస్తాయి, వెన్నుపాము దెబ్బతింటుంది, ప్రాణమే పోవచ్చు. కాబట్టి తాడు పట్టుకుని ఆగుతూ ఆగుతూ రావాలి. అడుగున గడిపింది 20 నిమిషాలే అయినా పైకి రావడానికి గంటలు పడుతుంది. ఆఖరి మజిలీ సుమారు 6 మీటర్ల లోతులో. నెత్తిమీద వెలుగు, పడవ అడుగు కనిపిస్తుంటాయి. చలికి వణుకుతున్నా, ఆకలేస్తున్నా ఆ 6 మీటర్లూ ఎగబాకడానికి వీల్లేదు.

రోజుల తరబడి పనిచేయాలంటే సాచురేషన్ డైవింగ్ ఒక్కటే మార్గం. మామిడి ముక్కకు ఉప్పు పూర్తిగా పట్టాక ఇంకెన్నాళ్లు ఊరినా కొత్తగా పట్టేదేమీ ఉండదు. ఒంటికి వాయువు పట్టడమూ అంతే. అందుకే డైవర్లను ఓడమీదే ఆ లోతు ఒత్తిడి నింపిన గదిలో ఉంచుతారు. తిండి, నిద్ర అందులోనే. పనికి వెళ్లేటప్పుడు అదే ఒత్తిడి ఉన్న తొట్టిలో కూర్చోబెట్టి కిందికి దించుతారు. పనంతా అయ్యాక ఒక్కసారే ఒత్తిడి తగ్గిస్తారు. 100 మీటర్లకైతే దానికి నాలుగైదు రోజులు పడుతుంది. 2025 జులై 18న విశాఖలో నౌకాదళంలో చేరిన నిస్తార్ ఇలా 300 మీటర్ల వరకు డైవర్లను దించగలదు. హిందుస్థాన్ షిప్‌యార్డ్ దాన్ని విశాఖలోనే కట్టింది. 1971లో నౌకాదళంలో చేరిన పాత నిస్తార్ పేరే దీనికీ పెట్టారు.

ఇంత సత్తా వచ్చాక గాజీని తెరవచ్చుగా అని ఎవరికైనా అనిపిస్తుంది. పేలుడు బయటిదో లోపలిదో ఇనుప రేకు వంగిన తీరు కొంత చెప్పవచ్చు. ఆ పరిశీలన కెమెరాలతో జరగాలి. లోపల ఉన్నది 90కి పైగా కుటుంబాల బిడ్డలు. మళ్లీ గుర్తించాక నౌకాదళం కూడా చనిపోయినవారి మీద గౌరవంతో దాన్ని ముట్టుకోలేదు. అదే సరైన పని. శ్రీశైలం జలాశయంలో మునిగే సంగమేశ్వరం గుడి ఏటా వేసవిలో బయటపడుతుంది, జనం వెళ్లి మొక్కుకుంటారు. గాజీ వాళ్లకు అలాంటి వేసవి రాదు.

డైవర్లు ఎన్నటికీ చేరలేని లోతులూ ఉన్నాయి. 2016 జులై 22న చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళుతూ వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతంలో అదృశ్యమైంది. వారిలో ఎనిమిది మంది విశాఖ నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో మనిషి లేని యంత్రం ఒకటి తీసిన ఫొటోల్లో దాని శకలాలు కనిపించాయి. అవి పడి ఉన్నది 3,400 మీటర్ల లోతున.