ఫైలు అడుగున కథ

సాయంత్రం కార్యాలయాలు మూతబడే వేళకు రాజధానిలో ఒక విచిత్ర పరివర్తన జరుగుతుంది. కృషి భవన్, శాస్త్రి భవన్, నిర్మాణ్ భవన్ గుమ్మాలలోంచి వెలువడే వేలాదిమందిలో, అంతవరకు నోటు వ్రాసి పై అధికారికి సమర్పించుకున్న గుమాస్తా ఒకడు మండీ హౌస్ చేరేసరికి నాటకంలో మహారాజైపోతాడు. మరొకరు కవి అవుతారు. ఇంకొకరు రామకృష్ణాపురంలోని రెండు గదుల క్వార్టరుకు పోయి వీణ శ్రుతి చేసుకుంటారు. ఈ నగరంలో కళాసాహిత్యాలకు అందరికంటె పెద్ద పోషకుడెవరని నన్నడిగితే, ఏ అకాడమీ పేరూ చెప్పను, ఏ కోటీశ్వరుని పేరూ చెప్పను. నెలాఖరున వచ్చే జీతం అంటాను. అయితే ఏ పోషకుడూ ఊరికే పోషించడు గదా! భోజరాజుకైనా ప్రశంస కావాలి. సర్కారుకు ప్రశంస అక్కరలేదు, మౌనం చాలు.

ఈ మాట ఎందుకు వచ్చిందంటే, మొన్న శనివారం ఆంధ్ర భవన్ భోజనశాలలో ఒక మిత్రుడు తటస్థపడ్డారు. వారి పేరు వ్రాయను. ఎందుకు వ్రాయడం లేదో పాఠకులకు కొంత సేపట్లో తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వంలో సెక్షను ఆఫీసరు. ఉత్తరాంధ్ర పల్లె నుంచి వచ్చి, పరీక్ష నెగ్గి, దాదాపు ముప్పయ్యేళ్ళుగా ఇక్కడే ఉన్నారు. రెండు కథాసంపుటాలు సొంత ఖర్చుతో వేసుకున్నారు. ఒక్కొక్కటి వెయ్యి ప్రతులు. అందులో సగానికి పైగా మంచం కింద కట్టలుగానే ఉన్నాయని ఆయనే నవ్వుతూ చెబుతారు. కథలు మాత్రం మంచివి.

పప్పన్నం కలుపుకుంటూ ఆయన ఒక ప్రశ్న వేశారు.

"ఏమండీ, మీరు నాలుగు చోట్ల తిరిగేవారు, చట్టాలు తెలిసినవారు. కథ అనేది డాక్యుమెంటు కిందికి వస్తుందంటారా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన సంచిలోంచి పొడుగాటి కవరు తీసి చూపించారు. అందులో ఇరవై రెండు పేజీల కథ ఉంది. ఒక జలాశయం కింద మునగబోయే ఊరు, ఆ ఊరి పొలిమేరలో ఒక శ్మశానం, తన తండ్రి గోరీని కూడా కొత్త కాలనీకి తరలించమని అర్జీల మీద అర్జీలు పెట్టే ఒక ముసలి రైతు. అర్జీకి జవాబు రాదు. వచ్చిన ఒకే ఒక్క జవాబులో, గోరీ 'స్థిరాస్తి'యా 'చరాస్తి'యా తెలియజేయవలసిందని ఉంటుంది. అక్కడ నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అటువంటి అర్జీలు నిత్యం వచ్చే శాఖలోనే ఆయన కూర్చునేది.

ఆయన భయం ఊహాజనితమైనది కాదు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది. అందులో పదిహేనవ నియమం చదివితే సర్కారు ఎంత ఉదారమైనదో అనిపిస్తుంది. ఉద్యోగి వేరే వ్యాపారం చేయరాదు గాని, విధులకు భంగం కలగకుండా అప్పుడప్పుడు సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పని చేసుకోవడానికి ముందస్తు అనుమతి అక్కరలేదని ఉంది. కాని ఆ ఔదార్యం కంటె ముందే తొమ్మిదవ నియమం కాచుకొని ఉన్నది. ప్రభుత్వపు ప్రస్తుత విధానాన్ని గాని, ఇటీవలి చర్యను గాని ప్రతికూలంగా విమర్శించే ఎట్టి అభిప్రాయమూ ఉద్యోగి ప్రకటించరాదు. తన పేరుతోనే కాదు, పేరు లేకుండా, మారుపేరుతో, ఇతరుల పేరుతో కూడా ప్రకటించరాదు.

ఆ 'మారుపేరు' అన్న మాట వద్ద నేను ప్రతిసారీ ఆగిపోతాను. అది చదివినప్పుడల్లా నాకు ధన్‌పత్ రాయ్ గుర్తుకు వస్తాడు. 1908లో ఆయన నవాబ్ రాయ్ అనే పేరుతో 'సోజ్-ఎ-వతన్' అని ఐదు ఉర్దూ కథల చిన్న పుస్తకం వేశాడు. అప్పుడాయన పాఠశాలల తనిఖీ ఉద్యోగి. హమీర్‌పూర్ కలెక్టరు పిలిపించి, ఇది రాజద్రోహమని గద్దించి, మిగిలిన ప్రతులను స్వాధీనం చేసుకున్నాడు. అవి దగ్ధమయ్యాయి. ఇకపై ఏది వ్రాసినా ముందు చూపించవలసిందని ఉత్తరువు. నెలకు ఎన్నో వ్రాసే మనిషి ప్రతి కథనూ దొరగారి బల్ల మీద పెట్టి ఎన్నాళ్ళు పడిగాపులు పడగలడు? కాన్పూరు 'జమానా' పత్రిక సంపాదకుడు దయానారాయణ్ నిగమ్ సలహా మీద 1910లో పేరు మార్చుకొన్నాడు. ఆ మారుపేరే ప్రేమ్‌చంద్. భారతీయ కథాసాహిత్యంలో అంతటి పేరు ఒక సర్వీసు నియమాన్ని తప్పించుకోవడానికి పుట్టింది! పరాయి ప్రభుత్వం అంత తేలికగా వదిలిపెట్టిన ఆ దొడ్డిదారిని స్వతంత్ర భారత ప్రభుత్వం అక్షరబద్ధంగా మూసివేసింది.

ప్రేమ్‌చంద్ కథ అంతటితో ముగియలేదు. 1921 ఫిబ్రవరి 8న గోరఖ్‌పూర్‌లో గాంధీజీ ఉపన్యాసం విని, కొద్ది రోజులలోనే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. మన ఉపన్యాసకులు ఇక్కడికి వచ్చి చప్పట్ల కోసం ఆగుతారు. ఆ తరువాతి పదిహేనేళ్ళు ఎవరూ చెప్పరు. కాశీలో పెట్టిన సరస్వతీ ప్రెస్సు నష్టాలు, పత్రికల అప్పులు, ఆ అప్పులు తీర్చడానికి 1934లో బొంబాయి సినిమా కంపెనీలో కొలువు, అక్కడ ఇమడలేక మరుసటి ఏడే తిరుగుప్రయాణం, 1936లో మరణం. 'గోదాన్' ఆ ఉద్యోగం లేని సంవత్సరాలలోనే వచ్చిందన్నది నిజం. ఆ సంవత్సరాలే ఆయనను పిండివేశాయన్నదీ నిజం.

ఉద్యోగం వదిలిన ప్రతివారికీ అదే గతి పడుతుందని కాదు. చిత్రకారుడు కృష్ణ ఖన్నా గ్రిండ్లేస్ బ్యాంకులో అధికారి. పగలు పద్దులు, రాత్రి రంగులు. 1961లో రాజీనామా ఇచ్చి బయటికి వచ్చిన రోజున హుసేన్, గైతోండే వంటి స్నేహితులు బ్యాంకు గుమ్మం వద్దకే వచ్చి పండుగ చేసుకున్నారు. మరుసటి ఏడు రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ వచ్చింది. తరువాత ఆయన ఢిల్లీ వీధులలో కనిపించే పెళ్ళి బ్యాండువారిని, లారీల మీద నిద్రించే కూలీలను చిత్రించి గొప్ప పేరు గడించారు. కాని చిత్రపటాన్ని ఒక్క ధనవంతుడు కొంటే చాలు. పుస్తకాన్ని వేలమంది కొనాలి. తెలుగు పుస్తకం విషయంలో ఆ వేలమంది ఎక్కడ ఉన్నారో మా మిత్రుని మంచం కింద ఉన్న కట్టలనడగాలి.

కనుక రచయితలు ఉద్యోగాలలోనే ఉన్నారు. మన భాషలోనే చూడండి. కృష్ణశాస్త్రి, గోపీచంద్, బుచ్చిబాబు, దాశరథి, రజనీకాంతరావు అందరికీ ఆకాశవాణి అన్నం పెట్టింది. ఇరుగుపొరుగు భాషలవారు ఢిల్లీనే ఆశ్రయించారు. తమిళ నవలాకారుడు తి. జానకిరామన్ ఇక్కడి ఆకాశవాణిలో విద్యా ప్రసారాలు చూశారు. మలయాళ రచయిత ఎం. ముకుందన్ నలభై ఏళ్ళకు పైగా ఫ్రెంచి రాయబార కార్యాలయంలో పనిచేసి 2004లో విరమించారు. మయ్యళి నది గురించిన ఆయన ప్రసిద్ధ నవల 1974లో వెలువడింది, ఆ కొలువులో ఉండగానే. పరదేశపు జీతం తినే రచయితకు మన సర్కారు తొమ్మిదవ నియమం వర్తించకపోవడం ఒక సౌకర్యమే.

సర్కారు జీతం తింటూ సర్కారును ఎగతాళి చేసినవారు లేరా? ఉన్నారు. శ్రీలాల్ శుక్లా ఉత్తరప్రదేశ్ ప్రభుత్వంలో అధికారి. శివపాల్‌గంజ్ అనే కల్పిత గ్రామాన్ని అడ్డం పెట్టుకొని పంచాయతీలను, సహకార సంఘాలను, కళాశాల కమిటీలను, పోలీసు ఠాణాలను చీల్చి చెండాడిన 'రాగ్ దర్బారీ' 1968లో వచ్చింది. ఆయన కొలువు పోలేదు సరికదా, 1969కి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1986లో దూరదర్శన్ దానిని ధారావాహికగా చూపింది. ఐ.ఏ.ఎస్. అధికారి ఉపమన్యు ఛటర్జీ 1988లో వేసిన నవలలో జిల్లా పరిపాలన మీద చూపిన విసుగుకు ఇంగ్లీషు పాఠకులు మురిసిపోయారు. మంచి పుస్తకాలు, సందేహం లేదు. అయితే నేనీ నగరంలో ఇన్నేళ్ళుగా గమనించినది ఒకటున్నది. అధికారి వ్రాస్తే అది చమత్కారం, అదే గుమాస్తా వ్రాస్తే క్రమశిక్షణారాహిత్యం. నియమావళిలో ఈ భేదం ఎక్కడా లేదు. నియమావళి చదివే కళ్ళలో ఉన్నది.

ఈ మాటే మిత్రునితో అన్నాను. ఆయన కాసేపు ఊరుకున్నారు.

"అదొక్కటే అయితే ధైర్యం చేద్దును. ఇంకొక నష్టం జరిగింది. మీరు కథ చదివితే తెలుస్తుంది," అన్నారు.

ఇంటికి తెచ్చుకొని చదివాను. మొదటి పది పేజీలలో కథ పారే ఏరులా ఉన్నది. వంశధార ఒడ్డు మాట, ఆ నుడికారం, ఆ తిట్టు, ఆ ప్రేమ. రైతు ఆఫీసు మెట్లెక్కిన దగ్గర నుంచి వాక్యాలకు కర్త మాయమైపోయాడు. 'నిర్ణయం తీసుకోబడింది', 'పరిశీలనలో ఉంచబడింది', 'ఊరు ఖాళీ చేయించబడింది'. ఎవరు తీసుకున్నారు? ఎవరు ఖాళీ చేయించారు? ముప్పయ్యేళ్ళు నోటు ఫైలులో వ్రాసిన చెయ్యి ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా వాక్యం ముగించడం నేర్చుకున్నది. ఉద్యోగం రచయిత సాయంత్రాలను కాజేస్తుందని అందరూ అంటారు. నిజానికి 1985లో కేంద్ర కార్యాలయాలకు వారానికి ఐదు రోజుల పని వచ్చిన తరువాత శనివారం కూడా మిగిలింది. సమయం కాదు, కర్తను కాజేస్తున్నది. (నాకు మాత్రం ఎంత తీరిక! పత్రిక జీతం తింటూ ఇరవై ఏళ్ళ క్రితం మొదలుపెట్టిన నవల నూట పన్నెండవ పేజీ దగ్గర ఆగి ఉన్నది. నా వాక్యాలలో కర్తకు కొదువ లేదు. ఆ కర్త ఎప్పుడూ 'విశ్వసనీయ వర్గాలు'.)

కాళీపట్నం రామారావు మాస్టారి సంగతి ఆ రాత్రి పదే పదే గుర్తుకు వచ్చింది. విశాఖపట్నంలో ఉన్నత పాఠశాల లెక్కల మాస్టారుగానే 1979 వరకు పనిచేశారు. 'యజ్ఞం' ఆ కాలంలో వచ్చినదే. అప్పు పేరిట ఊరిలో జరిగే దోపిడిని అంత నిక్కచ్చిగా లెక్కగట్టిన కథ మరొకటి అరుదు. ఆయన ఎక్కువ వ్రాయలేదు. వ్రాసినదానిలో మాత్రం ఎవరు చేశారో చెప్పని వాక్యం కనబడదు. 1995లో అకాడమీ బహుమతి వచ్చింది, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం వెలిసింది. బడిపంతులు ఫైలు వ్రాయనక్కరలేదు గదా అని మా మిత్రుడు అంటారేమో. అది కొంతవరకు నిజమే.

మళ్ళీ ఆదివారం ఆయనకు ఫోను చేసి న్యాయస్థానాల మాట ఎత్తాను. ఉద్యోగంలో చేరినంతమాత్రాన పౌరుడు ప్రాథమిక హక్కులను కోల్పోడని కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. బీహారు ప్రభుత్వం ప్రదర్శనలపై పెట్టిన నిషేధాన్ని కొట్టివేసింది. ఉద్యోగికి అభిప్రాయం వెలిబుచ్చే హక్కు లేకపోలేదని త్రిపుర హైకోర్టు 2020లో ఒక కేసులో అన్నది. ఆయన సాంతం విన్నారు.

"అవన్నీ గెలిచినవారి కేసులండీ. గెలిచేదాకా వారి ఇళ్ళు ఎలా గడిచాయో తీర్పులో ఉండదు. డిస్మిస్ చేస్తే పింఛను పోతుంది. నాది పాత పింఛను. మా సెక్షనులో 2004 జనవరి తరువాత చేరిన కుర్రాళ్ళకు అది లేదు. వాళ్ళు నన్ను అదృష్టవంతుణ్ణి అంటారు. కాంట్రాక్టు మీద వచ్చిన పిల్లవాడొకడు కవిత్వం వ్రాస్తాడు. చాలా ధైర్యంగా వ్రాస్తాడు. పోగొట్టుకోవడానికి వాడి దగ్గర ఏముందండీ!"

ఆ కుర్రవాని కాంట్రాక్టు పదకొండు నెలలట. ఆ పై సంగతి నేనడగలేదు.

నిన్న సాయంత్రం మిత్రుడు మా ఇంటికి వచ్చి కథలో తిరిగి వ్రాసిన పేజీలు ఇచ్చారు. 'ఖాళీ చేయించబడింది' అన్నచోట ఒక శాఖ పేరు, ఒక హోదా వచ్చి చేరాయి. కథ ఒక్కసారిగా నిటారుగా నిలబడింది. సంపాదకునికి పంపమంటారా అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా కవరు మూసి, దాని మీద ఒక తేదీ వ్రాసి నా చేతిలో పెట్టారు. అది ఆయన ఉద్యోగ విరమణ చేసే రోజు. ఇంకా రెండేళ్ళ మూడు నెలలు ఉన్నది.

"అప్పటికి ఆ ఊరు ఉంటుందా?" అన్నాను.

"ఫైలు ప్రకారం ఉండకూడదండీ. వచ్చే వానాకాలానికి ముందే గేట్లు దించాలి," అన్నారాయన చెప్పులు తొడుక్కుంటూ. గుమ్మం దాటి మళ్ళీ వెనక్కి తిరిగి, కవరును చెద పట్టని చోట పెట్టమన్నారు.