వార్తల్లో పదం: తేలికపాటి ఓఎస్

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కనీసం 4 జీబీ ర్యామ్ ఉండాలి. అవి లేని పాత కంప్యూటర్లను ఏం చేయాలన్న చర్చలో ఈ మాట మళ్లీ వినబడుతోంది. తక్కువ ర్యామ్, పాత ప్రాసెసర్‌తోనే సర్దుకుపోయే ఆపరేటింగ్ సిస్టమ్ ఇది.

పప్పీ లినక్స్‌నే చూడండి. ఆస్ట్రేలియాకు చెందిన బారీ కాలర్ 2003లో తెచ్చారు; పేరు మాత్రం ఆయన పెంపుడు కుక్కది! పరిమాణం కొన్ని వందల ఎంబీలే. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ర్యామ్‌లోకి చేరిపోతుంది కాబట్టి, నత్తనడక హార్డ్‌డిస్క్ జోలికి పోనక్కర్లేదు. డిస్క్ పూర్తిగా పాడైనా నడుస్తుంది. లుబుంటు, యాంటీఎక్స్ కూడా ఈ కోవలోవే. అయితే 2 జీబీ ర్యామ్‌తో బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే ఇవీ చతికిలబడతాయి. ఇప్పటి వెబ్‌సైట్ల బరువు అలాంటిది మరి.