మీకు తెలుసా? కుండీ అడుగున రాళ్లెందుకు వద్దు
కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు తొందరగా దిగిపోదు, పైగా తడి వేళ్లకు ఇంకాస్త దగ్గరవుతుంది! సన్నటి మట్టిలోని నీరు ముతక రాళ్లలోకి సులువుగా జారదు. రాళ్లకు ఆనుకున్న మట్టి పూర్తిగా నానాకే బొట్లుబొట్లుగా కిందికి దిగుతుంది. అంటే రాళ్లు పోసి కుండీ లోతును మనమే తగ్గించుకుని, ఆ బురదను పైకి జరుపుకున్నట్టు. బొక్క మీద ఒక పెంకుముక్క బోర్లిస్తే చాలు.

మరి కుండీకి ఎంత లోతుండాలి? మిర్చినే చూడండి. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ చపాటా మిర్చి టమాటాలా గుండ్రంగా, ఎర్రగా కాస్తుంది. కూరకే కాదు, డాబాకూ అందమే. మొక్కకు 10 నుంచి 12 అంగుళాల లోతున్న కుండీ సరిపోతుంది. మరుగుజ్జు దానిమ్మకైనా అంతే.

ఇక వరంగల్ ఎండల్లో నల్ల ప్లాస్టిక్ కుండీని మధ్యాహ్నం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది, లోపలి వేళ్ల సంగతి చెప్పేదేముంది? మట్టి కుండీ అలా కాదు. వేసవిలో రంజన్ చెమర్చి నీళ్లను చల్లబరిచినట్టే ఇదీ గోడల్లోంచి చెమర్చి వేళ్లను చల్లగా ఉంచుతుంది. కాకపోతే త్వరగా ఆరిపోతుంది, మే నెలలో రెండుపూటలా నీళ్లు పోయాల్సి రావచ్చు. ముచ్చటపడి బయట ఆయిల్ పెయింట్ వేశారో, ఆ చెమర్చడం ఆగిపోతుంది.